నిజమనిపించే మాట

మా నాన్న హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. ద్రాక్షారామం నుంచి రామచంద్రపురం వెళ్లే రోడ్డు మీద ఏ కొట్టు ముందు ఆగినా, "మాస్టారూ, బాగున్నారా అండీ" అంటూ లేచి నిలబడేవాళ్లు ఒక్కరైనా ఉంటారు. మా ఊళ్లో చేల గట్ల దగ్గర తగాదా వచ్చినా, అన్నదమ్ముల పంపకాల్లో మాట తేడా వచ్చినా ఆయన్ని పిలిచేవారు. తీర్పు చెప్పమని కాదు. ఆయన చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతారని. మాది చర్చికి వెళ్లే కుటుంబం. పిలిచేవాళ్లలో ఎక్కువమంది గుడికి వెళ్లే రైతులు. ఆయన మాట దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా ఎవరికీ గుర్తుండేది కాదు.

నేను రామచంద్రపురంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మావారిది మస్కట్‌లో ఉద్యోగం కాబట్టి అమ్మానాన్నలతోనే ఉంటున్నాను.

కిందటేడు వానాకాలంలో ఒక పొద్దున్న నాన్న స్నానానికి వెళ్తూ తలుపు దగ్గరే కూలబడిపోయారు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. కాకినాడలో ఆపరేషన్ చేశారు. కాళ్లూ చేతులూ పడిపోతాయేమోనని మేము భయపడ్డాం. అలాంటిదేమీ జరగలేదు. నెమ్మదిగా లేచి తిరిగారు. మాట ఎక్కడా తడబడలేదు. పేపరు చదివి అందులో అచ్చు తప్పులు చూపించేవారు. మేమంతా గండం గడిచిందనుకున్నాం.

తేడా మొదట కనిపెట్టింది అమ్మే. కానీ ఆవిడ నాకు చెప్పలేదు. నేను కనిపెట్టిన రోజు మాత్రం బాగా గుర్తుంది. ఎవరో దూరపు చుట్టం నాన్నను చూడ్డానికి వచ్చాడు. "పొద్దున్న ఏం చేశారండీ" అని మాటవరసకు అడిగాడు. నాన్న హాయిగా చెప్పుకొచ్చారు. బస్టాండు దాకా నడిచి వెళ్లారట. పాత విద్యార్థి ఒకడు కనబడ్డాడట, ఇప్పుడు కండక్టరుగా చేస్తున్నాడట, భుజాన సంచి వేసుకునే వంగి కాళ్లకు దణ్ణం పెట్టబోతే సంచిలోని చిల్లర కింద పడిందట, ఇద్దరూ కలిసి ఏరారట. చుట్టం నవ్వాడు. నేనూ నవ్వాను. తరవాత వంటింట్లోకి వచ్చి, "నాన్న ఒక్కరే బస్టాండుకు ఎందుకెళ్లారమ్మా" అని అడిగాను.

అమ్మ చేతిలో పని ఆపలేదు. "ఎక్కడికీ వెళ్లలేదు. పొద్దుటి నుంచీ ఆ కుర్చీలోనే ఉన్నారు" అంది.

తరవాతి సారి కాకినాడ వెళ్లినప్పుడు డాక్టరమ్మను పక్కకు పిలిచి అడిగాను. ఆవిడ నాకన్నా చిన్నది. ఓపిగ్గా చెప్పింది. "ఆయన అబద్ధం ఆడట్లేదండి. జ్ఞాపకంలో ఖాళీ ఏర్పడిన చోట మెదడు ఏదో ఒకటి తెచ్చి పెట్టేస్తుంది. ఎక్కువసార్లు పాత సంగతే, కొత్త చోట పెడుతుంది. అది చాలా ప్లాజిబుల్‌గా ఉంటుంది. అదే చిక్కు. పిచ్చి పిచ్చిగా మాట్లాడితే ఎవరైనా గుర్తుపడతారు కదండీ."

ప్లాజిబుల్. పాతికేళ్లుగా పాఠాల్లో చెబుతున్న మాట. వినడానికి నమ్మేట్టుగా ఉంటుంది. నిజం కావచ్చు, కాకపోవచ్చు. క్లాసులో దీన్ని చెప్పడానికి నా దగ్గర తయారుగా ఉండే ఉదాహరణ ఒకటుంది. "లేటుగా వచ్చి, బస్సు టైరు పంక్చరైంది మేడం అంటారు చూడండి, అదీ ప్లాజిబుల్" అంటాను. పిల్లలు నవ్వుతారు. ఆ రోజు ఇంటికి వస్తున్నంతసేపూ, బస్సులో నా పక్కన నిద్రపోతున్న నాన్నను చూస్తూ, ఈ మాటకు తెలుగేంటా అని ఆలోచించాను. సరైన మాట దొరికితే అమ్మకు చెప్పడం తేలికవుతుందనిపించింది. నాన్న అబద్ధం చెబుతున్నారని అనకుండా, ఆయన చెప్పేది నిజమనీ అనకుండా మధ్యలో నిలబడే మాట ఒకటి కావాలి.

మా ఇంట్లో నిఘంటువులకు కొదవ లేదు. తీసి చూశాను. ఆమోదయోగ్యం అని ఒక దాంట్లో ఉంది. అది సరిపోదు. నమ్మశక్యం అనే మాటను మనం ఎప్పుడూ లేదనడానికే వాడతాం, నమ్మశక్యం కాలేదు అంటాం. విశ్వసనీయం అంటే నమ్మకానికి తగినది, అందులో సందేహానికి చోటే లేదు. నేను పుస్తకాలు పరుచుకుని కూర్చోవడం చూసి నాన్న కుర్చీలోంచే, "ఏంటమ్మా వెతుకుతున్నావు?" అన్నారు.

చెప్పాను. ఎవరి గురించో చెప్పలేదు.

ఆయన ముఖం వికసించింది. ఆపరేషన్ అయ్యాక అంత ఉత్సాహం నేను చూడలేదు. "నమ్మబలకడం అనే మాట ఉంది కదా" అన్నారు. "నమ్మన్, పలుకు. ద్రుతం మీద పరుషానికి సరళం వచ్చి పలుకు కాస్తా బలుకు అయింది. కానీ అది నీకు పనికిరాదు. నమ్మబలికేవాడికి ఎదుటివాడి మీద కన్నుంటుంది. వాడికి నిజం తెలుసు, తెలిసే పలుకుతాడు."

"తెలియకుండా పలికితేనో నాన్నా?"

"అప్పుడు పలకడం కాదు, అనిపించడం. నిజమనిపించే మాట. అనిపించింది అన్నామంటే నా వైపు నుంచి చూస్తే అలా ఉంది అని అర్థం. జరిగిందీ అని కాదు. ఇంత చిన్న మాట మనకుండగా పెద్ద మాటలు దేనికి?"

సంధి సూత్రాలు అక్షరం పొల్లుపోకుండా చెప్పిన మనిషి, ఆ తరవాత కాసేపటికి, "మధ్యాహ్నం భోజనం చేశానా నేను?" అని అమ్మను అడిగారు.

అమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పనివ్వలేదు. "మతి పోయిందనుకుంటారు. ఇంత బతుకూ బతికి ఆ పేరు తెచ్చుకోవాలా ఆయన?" అనేది. ఎవరైనా వస్తే తనే మాట్లాడి, నాన్నను ఎక్కువ మాట్లాడనిచ్చేది కాదు. నాకూ అదే బాగుందనిపించింది. బస్టాండులో కండక్టరు కనబడ్డాడంటే ఎవరికి నష్టం?

ఈ వేసవి చివర్లో మా చర్చి పాస్టరు గారికి తణుకు అవతల ఒక ఊరికి బదిలీ అయింది. కొత్తాయన రావడానికి ఆలస్యమైంది. పాతాయన ఇల్లు ఖాళీ చేసే వారంలోనే పని మొదలుపెట్టి, ఈలోగా చర్చికి రంగులు వేయించి, కింద కొత్తగా టైల్స్ పరిపించారు. ఆ పని జరిగినన్నాళ్లూ లోపలి సామానంతా తీసి పక్కన పెట్టేసి, ఆరాధన బయట షామియానా కింద, ఎవరిదో కీబోర్డు అడిగి తెచ్చుకుని చేసుకున్నాం. పనంతా అయి మళ్లీ లోపలికి వెళ్లిన ఆదివారం చూస్తే హార్మోనియం లేదు.

అది కాళ్లతో తొక్కి వాయించే పాత హార్మోనియం. మడిచేస్తే మామూలు చెక్కపెట్టెలా ఉంటుంది. మా ఊళ్లో పెళ్లిళ్లకూ సమాధుల పండక్కూ దాన్ని మోసుకెళ్లేవారు. నా చిన్నప్పుడు దాన్ని వాయించినాయన చనిపోయాక ఆయన కొడుకు వాయిస్తున్నాడు. పాతికేళ్లు దాటినవాడు, రామచంద్రపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పని. మంచి చెయ్యి. ఒక్కటే, దాని బెలోస్ తిత్తి చిరిగి గాలి నిలపట్లేదనీ, అది అమ్మేసి కీబోర్డు కొందామనీ ఏడాదిగా అందరితోనూ అంటున్నాడు.

ఆ సాయంత్రం నేను బజారు నుంచి వచ్చేసరికి మా చర్చి సంఘ పెద్ద మా వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయనా నాన్న దగ్గర చదువుకున్నవాడే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"వందనాలమ్మా. మాస్టారు మా నెత్తిన పాలు పోశారు. లేకపోతే ఎవరిని అడగాలో కూడా తెలిసేది కాదు" అన్నాడు.

"దేని గురించండీ?"

"హార్మోనియం గురించమ్మా. మాస్టారు కళ్లారా చూశారంట కదా."

నాన్న మళ్లీ చెప్పారు. పాస్టరు గారు ఇల్లు ఖాళీ చేసిన శుక్రవారం పొద్దున్న ఆయన నడకకు బయల్దేరారట. చర్చి గేటు దగ్గర ఆటో ఆగి ఉందట. ఆ అబ్బాయి హార్మోనియాన్ని ఎక్కించి, పైన నీలం పట్టా కప్పి తాడు కడుతున్నాడట. పెడల్ ఒకటి బయటికి వేలాడుతోందట. "ఎక్కడికిరా" అంటే "రిపేరుకండి మాస్టారూ" అన్నాడట.

నీలం పట్టా. వేలాడే పెడల్. చెప్పింది నమ్మకుండా ఉండటానికి అందులో ఒక్క సందు లేదు. పైగా ఆ అబ్బాయి దాన్ని అమ్మేద్దామన్నాడని ఊరందరికీ తెలుసు. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

"ఆ శుక్రవారం నాన్న ఊళ్లో లేరండి. చెకప్‌కు నేనే కాకినాడ తీసుకెళ్లాను. తెల్లవారే బయల్దేరాం" అన్నాను.

సంఘ పెద్ద తొణకలేదు. "రోజు ఒకటి అటూ ఇటూ అయ్యుంటుందమ్మా. మనిషిని చూడ్డం ముఖ్యం గానీ వారం దేనికి?"

అది కూడా నమ్మేట్టుగానే ఉంది. ఒక మాట నిలబడకపోతే దాన్ని నిలబెట్టడానికి ఇంకో మాట ఎంత తొందరగా వస్తుందో ఆ రోజు చూశాను. అమ్మ గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. సంఘ పెద్ద వెళ్లిపోయేదాకా నేను ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

మర్నాడు కాలేజీ అయ్యాక ఆ అబ్బాయి పనిచేసే కొట్టుకు వెళ్లాను. అతను లేడు. యజమాని కౌంటరు మీది ఫోను తుడుస్తూ, "ఆ గొడవేదో తేలేదాకా రావద్దన్నానండి. రోజూ జనం ఫోన్లు ఇచ్చిపోయే చోటు కదండీ ఇది" అన్నాడు. అక్కడి నుంచి తిన్నగా అతని ఇంటికి వెళ్లాను. తల్లి లోపల ఉంది, బయటికి రాలేదు. అతను గుమ్మం ముందు నిలబడే మాట్లాడాడు.

"పోలీసు కంప్లైంటు ఇస్తారంటండి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ అడిగి, అప్పుడు ఇస్తారంట."

"నువ్వు తియ్యలేదని గట్టిగా చెప్పు."

"చెప్పానండి. మాస్టారు చూశానన్నాక నా మాట ఎవరికి ఎక్కుతుందండీ?" అని తల వంచుకున్నాడు. "ఒకటి చెప్పనాండి మేడం? ఆయనంతటాయన అంత వివరంగా చెప్పారంటే, నేనే తీసుకెళ్లి మర్చిపోయానేమో అని నాకే ఒకసారి అనిపించిందండి" అన్నాడు.

ఆ మాటతో నేను తేల్చేసుకున్నాను. ఇంటికి వచ్చి చెప్పుల్లోంచి కాళ్లు తియ్యకముందే అమ్మతో అన్నాను, "ఆదివారం నేను లేచి నాన్న జబ్బు సంగతి చెప్పేస్తాను."

"నా గొంతులో ప్రాణం ఉండగా చెప్పనివ్వను" అంది అమ్మ. "ముప్పయ్యేళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషిని చర్చిలో నిలబెట్టి మతి లేనివాడంటావా?"

"అనకపోతే ఆ అబ్బాయిని దొంగంటారమ్మా. వాడికి ఇప్పటికే పని పోయింది."

"వాడు తియ్యలేదని నీకేం తెలుసు?"

"తెలియదు. నాన్న చూడలేదని మాత్రం తెలుసు. నీకూ తెలుసు."

అమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. "నీలం పట్టా నాకు గుర్తుంది" అంది. నాకు అర్థం కాలేదు. "అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఈ అబ్బాయి వాళ్ల నాన్నా, మీ నాన్నా కలిసి దాన్ని రాజమండ్రి తీసుకెళ్లారు రిపేరుకు. వాన పడుతోందని మన వడ్ల మీది పట్టా నేనే ఇచ్చాను. ఈ అబ్బాయి అచ్చం వాళ్ల నాన్నలాగే ఉంటాడు కదా."

అంటే నాన్న చూసింది నిజమే. చూసిన మనిషి వేరు, చూసిన కాలం వేరు.

అమ్మ వద్దనే అంది, కానీ ఆ గొంతులో ఇందాకటి పట్టు లేదు. ఇక నాన్నకు చెప్పాలి. ఆయన వెనక ఆయన సంగతి అందరికీ చెప్పడం నాకు ఇష్టం లేదు. శనివారం పొద్దున్న కాఫీ తాగేటప్పుడు ఆయన ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ఆపరేషన్, ఖాళీలు, బస్టాండు, కాకినాడ వెళ్లిన శుక్రవారం, అన్నీ.

ఆయన కప్పు కింద పెట్టేశారు. "నేను అబద్ధం చెప్పానంటావా?"

"లేదు నాన్నా."

"నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతోందమ్మా. ఆ కుర్రాడి చొక్కా రంగు కూడా చెప్పగలను."

"చెప్పగలరు. అయినా ఆ రోజు మీరు నాతో కాకినాడలో ఉన్నారు. ఆస్పత్రిలో లిఫ్టు పనిచేయక మెట్లెక్కాం. మధ్యలో మీరు ఆగి, గోడ మీద బోర్డులో ఒత్తు తప్పు రాశారని చెప్పారు."

"నాకు గుర్తులేదు."

"తెలుసు నాన్నా."

ఆయన తన చేతులవైపు చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన ఏడవడం నేను మా నాయనమ్మ పోయినప్పుడు ఒక్కసారే చూశాను. ఆ పొద్దున్న కళ్లు తడి అయ్యాయి గానీ ఏడవలేదు. "నీకు అబద్ధం చెప్పడం నేను నేర్పలేదు" అన్నారు చివరికి. "నా కళ్లకన్నా నువ్వు చెప్పిందే నమ్ముతాను. రేపు నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడతాను."

"రేపటికి మీకు గుర్తుండకపోతే?"

"గుర్తు చెయ్యి. పొద్దున్నే చెయ్యి. దారిలో మళ్లీ చెయ్యి. నేను విసుక్కుంటే ఇంకోసారి చెయ్యి."

అలాగే చేశాను. ఆదివారం నిద్ర లేవగానే చెప్పాను. ఆయన మళ్లీ మొదటిసారి విన్నట్టే దెబ్బతిన్నారు. అది చూడటం చాలా కష్టమైంది. ఇస్త్రీ పంచె కట్టుకుంటుంటే మళ్లీ చెప్పాను. చర్చికి నడుస్తుంటే చెప్పబోయాను. "గుర్తుంది, గుర్తుంది" అని విసుక్కున్నారు. అయినా చెప్పాను. అమ్మ మాతో పాటే నడిచింది.

ఆరాధన అయింది. సంఘ పెద్ద ముందుకు వచ్చి, ఎవరూ వెళ్లొద్దన్నాడు. హార్మోనియం సంగతి ఎత్తాడు. ఆ అబ్బాయి వెనక వరసలో తల్లి పక్కన నిలబడి ఉన్నాడు. సంఘ పెద్ద, "మాస్టారు చూసింది ఉంది" అనగానే నాన్న బల్ల మీద చేయి ఆనించి లేచారు.

"నేను మాట్లాడాలి" అన్నారు. క్లాసులో మాట్లాడే గొంతు అది. వెనక వరసల్లో గుసగుసలు ఆగిపోయాయి. "నాకు కిందటేడు తలలో ఆపరేషన్ అయింది, మీరంతా ప్రార్థన చేశారు. ప్రాణం నిలబడింది. కానీ జ్ఞాపకం దెబ్బతింది. కొన్ని సంగతులు నాకు లేవు. లేనిచోట వేరేవి వచ్చి కూర్చుంటున్నాయి. అవి నాకు అచ్చంగా నిజంలాగే ఉంటాయి. మీక్కూడా అలాగే ఉంటాయి, ఎందుకంటే నేను చెబుతున్నాను కాబట్టి."

సంఘ పెద్ద ఇబ్బందిగా కదిలాడు. "అంటే మాస్టారూ, మీరు ఆ అబ్బాయిని చూడలేదంటారా?"

"చూశాననే నాకు ఉంది. ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఆ నీలం పట్టా కనబడుతుంది. ఆ రోజు నేను కాకినాడలో ఉన్నానని మా అమ్మాయి చెబుతోంది. ఇలాంటి పట్టా కప్పి ఈ అబ్బాయి తండ్రీ నేనూ కలిసి రాజమండ్రి తీసుకెళ్లామని మా ఆవిడ చెబుతోంది. నేను మీకు చెప్పింది నాకు నిజమనిపించిన మాట. జరిగిన మాట కాదు. ఒకరి మీద నేరం పెట్టడానికి అనిపించిన మాట చాలదు. నన్ను సాక్షిగా తీసెయ్యండి."

తరవాత ఆయన వెనక్కి తిరిగి ఆ అబ్బాయి కోసం వెతికారు. "నీ పేరు పాడు చేశాను నాయనా. నాకు తెలియక చేశాను. అయినా చేసింది నేనే" అన్నారు.

ఆ అబ్బాయి తల్లి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను లేచేలోపు అమ్మే ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అంతటితో హార్మోనియం దొరకలేదు కదా. మాస్టారు పెద్ద మనసుతో కుర్రాణ్ణి కాపాడుతున్నారని బయట ఒకరిద్దరు అననే అన్నారు. అదీ నమ్మేట్టుగానే ఉంది మరి. నాకు ఒళ్లు మండింది. చర్చి ఆవరణలోనే నిలబడి, టైల్స్ పని మొదలయ్యే ముందు సామాన్లు ఎవరు బయటపెట్టారో, ఎక్కడ పెట్టారో ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. అనిపించింది వద్దు, మీ చేత్తో చేసింది మాత్రమే చెప్పండి అన్నాను. బల్లలు మోసినవాళ్లు దొరికారు. హార్మోనియాన్ని మడిచి పాస్టరు గారింటి వరండాలో, ఎండ పడకుండా పెట్టామన్నారు. ఆ వరండాలోంచే పాస్టరు గారి సామాను కిరాయి మనుషులు లారీకి ఎక్కించారని ఎదురింటావిడ చెప్పింది.

పాస్టరు గారికి ఫోను చేశాను. "మా దగ్గరికి ఎందుకొస్తుందమ్మా? వస్తే మాకు కనబడదా?" అన్నారాయన. మంచిమనిషి. ఆయన మాటా నిజంలాగే వినిపించింది. ఫోను పెట్టేసి సంఘ పెద్ద దగ్గరికి వెళ్లాను.

"రేపు తణుకు వెళ్దామండి. మీరూ రావాలి."

"లేదన్నారు కదమ్మా ఆయన."

"లేదనుకుంటున్నారు. చూసి లేదన్లేదు."

ఆయన కాస్త గొణిగాడు గానీ వచ్చాడు. రావులపాలెం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వంతెన మీద గోదావరి ఎర్రగా, నిండుగా పారుతోంది. అప్పుడు మాత్రం నోరు విప్పి, "నాకు ఎనిమిదో తరగతిలో మాస్టారు చెంప మీద కొట్టారమ్మా, కాపీ కొట్టినందుకు. ఆయన మాట తప్పు కావచ్చని నాకు తట్టలేదు" అన్నాడు. ఆయన బాధ నాకు తెలియకపోలేదు.

పాస్టరు గారి కొత్త ఇల్లు పాతదానికన్నా చిన్నది. పట్టని సామానంతా పెరట్లో రేకుల షెడ్డులో కుక్కేశారు. మమ్మల్ని చూసి పాస్టరు గారి భార్య నొచ్చుకున్నట్టే మాట్లాడారు. అయినా తాళం తీశారు. పరుపులు, పాత సోఫా, మడతమంచం, వాటి వెనక దుప్పటి చుట్టిన చెక్కపెట్టె. ఆవిడే దుప్పటి లాగారు.

"ఇది కుట్టుమిషను అనుకున్నానండీ!" అని నోటిమీద చేయి వేసుకున్నారు. పాస్టరు గారు పక్కనే నిలబడి తల పట్టుకున్నారు. ఎవరూ దొంగలు కారు. ఎవరో తాడు బిగించే తొందరలో ఒక పెట్టె ఎక్కువ ఎక్కించారు, అంతే.

హార్మోనియాన్ని వ్యాన్లో వేసుకుని ఊరికి తెచ్చాం. సంఘ పెద్ద ఆ సాయంత్రమే ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి తప్పయిపోయిందన్నాడట. ఆ అబ్బాయి ఒప్పుకోలేదు.

"నన్ను అడుగుతానన్నది అందరి ముందండి. ఇదీ అందరి ముందే చెప్పండి" అన్నాడట. ఆ సంగతి విని నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ తరవాతి ఆదివారం సంఘ పెద్ద కాగితం చూడకుండా, అందరి ముందూ చెప్పాడు. తరవాత కొట్టు యజమాని దగ్గరికి కూడా నేనే తీసుకెళ్లి చెప్పించాను. అబ్బాయి మళ్లీ పనిలో చేరాడు. హార్మోనియం దగ్గర మాత్రం చాలాకాలం కూర్చోలేదు. కూర్చోమని ఎవరమూ బలవంతం చెయ్యలేదు. కోతలప్పుడు చేసే పండగ ఆరాధనకు తనంతట తనే వచ్చి కూర్చున్నాడు. గాలి నిలవని బెలోస్‌ను మూడు నాలుగు చోట్ల అతికించి, ఒగరుస్తున్నట్టు వాయించాడు. బాగాలేదు. మేమంతా గట్టిగా పాడాం.

నాన్న ఆ ఆదివారం తను మాట్లాడిన సంగతి మర్చిపోయారు. హార్మోనియం పోయిన సంగతి కూడా ఆయనకు గుర్తులేదు. నీలం పట్టా మాత్రం గుర్తుంది, అప్పుడప్పుడూ చెబుతారు. నేను ఆయన్ని ఆపను. రాజమండ్రి వెళ్లిన కథగా మార్చి మిగతాది చెప్పమంటాను. అందులో చాలా కొత్త సంగతులు కలుస్తుంటాయి.

మొన్న పెద్దాపురం నుంచి ఆయన పాత విద్యార్థి ఒకాయన వచ్చాడు. పళ్లు తెచ్చాడు, కాళ్లకు దణ్ణం పెట్టాడు. నాన్న ఆయన్ని కూర్చోబెట్టుకుని, పోయిన వారం మీ ఊరి జాతరకు వచ్చాను, జనంలో నిన్ను పిలిచాను, నువ్వు వినిపించుకోలేదు అని మొదలుపెట్టారు. జాతర అయిపోయి ఎంత కాలమైందో! ఆయన కంగారుగా మా వైపు చూశాడు. నేను నోరు తెరవబోయాను. ఈలోపు కాఫీ పట్టుకొచ్చిన అమ్మ, గ్లాసు వచ్చినాయన చేతికిస్తూ, ఎప్పుడూ చెప్పే మాట చెప్పినంత మామూలుగా అంది.

"ఆయనకు తల ఆపరేషన్ అయ్యాక జ్ఞాపకం సరిగా లేదు బాబూ. జరగనివి కూడా జరిగినట్టే చెబుతారు. ఏదైనా పని మీద అడగాల్సింది ఉంటే మమ్మల్ని అడుగు. కబుర్లకైతే మాత్రం ఆయనే. కూర్చో."

ఆయన కాఫీ ఒక గుక్క తాగి, నాన్న వైపు కుర్చీ జరుపుకున్నాడు.

"తరవాత ఏమైందండి మాస్టారూ?" అని అడిగాడు.